ఏం కలిపావక్కా?

మా తోటికోడలు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. ఫ్రేములో ఇమిడేదాకా అంచు అరగదీయడం, వెలుతురుకు ఎత్తి చూడటం, మళ్లీ అరగదీయడం. నేను అక్కా అని పిలుస్తాను. మూడేళ్ల కిందట మాంసం, గుడ్లు, పాలు అన్నీ మానేసింది. ఎందుకని అడిగితే, "జంతువుల్ని బాధపెట్టడం ఇష్టం లేదు" అని ఒక్క ముక్క చెప్పి, తప్పు చేసినట్టు తల దించుకునేది. ఎవరికీ నీతులు చెప్పలేదు. అయినా భోజనాల దగ్గర అందరికీ తనే దొరికేది.

అందరికన్నా ముందు మా ఆడపడుచు భర్త, లెక్కల మాస్టారు. "వంకాయ కోస్తుంటే ఏడవదా చెల్లెమ్మా? దానికి నోరు లేదనేగా నీ ధైర్యం!"

"మీరు తినండన్నయ్యా" అనేది అక్క.

ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాలు. అక్క కోసం విడిగా వండిన కూరలో మాస్టారు మాంసం ఉడికిన నీళ్లు గరిటెడు కలపడం నేను చూశాను. మా పాపకు అన్నం పెడుతూ గుమ్మంలోనే ఉన్నాను. గొడవవుతుందని ఊరుకున్నాను. అక్క రెండోసారి కూడా వడ్డించుకున్నాక ఆయన బయటపెట్టాడు.

"ఏమైనా అయిందా? చచ్చిపోలేదుగా! ఇదిగో, గుమ్మంలోంచి చూసింది, ఈ చెల్లెమ్మే సాక్షి!" అంటూ నన్ను చూపించాడు.

ఇల్లంతా నవ్వింది. అక్క చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా తనే అందర్నీ భోజనానికి పిలిచింది. మాస్టారు మూడోసారి కూర వేయించుకున్నాడు.

"ఎలా ఉందన్నయ్యా?"

"గడ్డి కూడా ఇంత బాగుంటుందని తెలీదమ్మా!"

"మీరు నాకు కలిపారు కదా. నేనూ కలిపాను."

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "ఏం కలిపావ్?"

"ఏమైనా అయిందా? చచ్చిపోలేదుగా."

ఆయన కసిరాడు, బతిమాలాడు, పాప మీద ఒట్టు వెయ్యమన్నాడు. అక్క నింపాదిగా మంచినీళ్లు పోసింది. ఆయన ఆ నీళ్లూ ముట్టుకోలేదు.

ఇప్పుడు మాస్టారు ఎవరింటికెళ్లినా సొంత డబ్బా తెచ్చుకుంటున్నాడు. "అదేంటండీ, మా చేతివంట పడదా?" అని అడిగినవాళ్లందరి దగ్గరా నసుగుతున్నాడు. చూసినప్పుడల్లా నా కడుపు చల్లబడుతుంది.

కానీ ఆ రోజు మా పాప కూడా అదే కూర తింది. మొన్న అక్క వాళ్లింట్లో గిన్నెలు తుడుస్తూ అడిగేశాను. "నిజంగా ఏమైనా కలిపావా అక్కా?"

"గుమ్మంలో నిలబడి అంతా చూశావు. నాకు చెప్పావా?"

ఇంతలో పాప ఆకలంటూ వచ్చింది. అక్క ఒక అరటిపండు తెచ్చి, పాపకివ్వకుండా నా చేతిలో పెట్టింది.

"నువ్వే ఒలిచి పెట్టు. నమ్మకంగా ఉంటుంది."