క్లారీ గ్రాముల పిచ్చి

క్లారీ పెంగెల్లీకి కంటబడ్డ ప్రతి వస్తువునూ తూచే జబ్బుంది. తూచి ఊరుకుంటే ఊరు సర్దుకునేదే. తూచాక దానికి చిల్లులు పెడతాడు.

ఆ జబ్బు ముందుగా తగిలింది పక్కింటి మావిస్ ట్రెలోర్‌కి. ముప్పై ఏళ్లు బడి వంటశాలలో గరిటె తిప్పి, ఇప్పుడు తీరిగ్గా ఇంట్లో కూర్చున్న మనిషి. "ఒక్క పూట ఇవ్వు మావిస్" అని క్లారీ పట్టుకెళ్లిన ఆమె వంటింటి త్రాసు మళ్లీ గుమ్మం తొక్కలేదు. దాని వెనకాలే కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలకా వెళ్లింది. అది మాత్రం వారానికి తిరిగొచ్చింది, ఆకాశంలోంచి. నడుమ ఆ పలక, దానికి విరిగిన గాలపు కర్రలు కోసి బిగించిన నాలుగు చేతులు, చేతుల చివర నాలుగు మోటార్లు, నాలుగు రెక్కలు. బట్టలారేసే తీగ మీదుగా కందిరీగలా రొద పెడుతూ పోయింది.

"క్లారీ! అది నా పలకేనా?"

"నీదే. నూట ఎనభై గ్రాములు తగ్గింది. ఎంత సన్నబడిందో చూడు!"

"సన్నబడలేదయ్యా, జల్లెడైంది!"

ఆ డ్రోను పన్నెండు నిమిషాలు ఎగిరి బేకరీ కప్పు మీద కూలింది. రెండోదాన్ని పెలికాన్ పక్షి ఒకటి తన్ని సముద్రంలో పడేసింది. అయినా క్లారీ తగ్గలేదు. పళ్లు తోముకునే బ్రష్షు పిడి కోసేశాడు. చొక్కా గుండీలు సగం పీకేశాడు. "నీ ఒంటి మీది గుండీలకీ ఎగిరే యంత్రానికీ ఏమిటి సంబంధం?" అని మావిస్ అడిగితే, "అలవాటు తప్పకూడదు కదా" అన్నాడు.

ఆ ఏడాదే పెర్సీ పోయాడు. నలభై ఏళ్లు క్లారీతో కలిసి ఒకే పడవలో చేపలు పట్టినవాడు. ఆటు వేళ మోకాలిలోతు నీళ్లలో దంతె లాగుతూ పీతలు పడుతుంటే పొగమంచు కమ్మింది. ఒడ్డు ఎటో తెలియక సముద్రంలోకే నడిచాడు. పోటు వచ్చి ముంచేసింది. అంత్యక్రియల్లో అందరూ కళ్లు తుడుచుకుంటుంటే క్లారీ మావిస్ చెవిలో గొణిగాడు: "ఆ శవపేటిక పిడులు ఒక్కోటీ నాలుగొందల గ్రాములుంటాయి. అనవసరం." మావిస్ అతని చేయి కమిలిపోయేలా గిల్లింది.

ఆ తరవాత క్లారీ షెడ్డు తలుపు మూసుకున్నాడు. మూడో డ్రోను కడుతున్నానన్నాడు గానీ అది ఎగరగా చూసినవాళ్లు లేరు. అడిగితే, "ఇంకా బరువుంది" అనేవాడు. "పైగా మంచులో ఇవి ఎగరవు, తడికి మోటార్లు కాలిపోతాయి" అనేవాడు, ఎవరూ అడక్కపోయినా.

ఇంతలో ఊళ్లో కొత్త భయం మొదలైంది. మంచు దిగిన పొద్దున నీళ్ల మీద ఏదో సన్నగా, ఆగకుండా మూలుగుతోంది. తెల్లటి మంచులో ఎర్రటి కన్ను తేలుతోంది. "పెర్సీ ఒడ్డు వెతుక్కుంటున్నాడు" అంది బేకరీ అయోనా. మంచు పొద్దుల్లో పీతల వేట ఆగిపోయింది. క్లారీ తల వంచుకుని, "ఏమో, పెర్సీకి మొండితనం ఎక్కువే" అన్నాడు.

మావిస్‌కి దయ్యాల మీద నమ్మకం లేదు. రెండేళ్లు గడిచాక, ఏప్రిల్‌లో పలచగా మంచు పట్టిన ఒక పొద్దున, చెల్లెలు భోజనానికొస్తోందని పీతలు వేసే తేలుడు తొట్టిని తాడుతో నడుముకి కట్టుకుని దంతె పట్టుకుని నీళ్లలోకి దిగింది. అడ్డంగా అరమైలు వెళ్లిందో లేదో, మంచు చిక్కబడి తెర దించినట్టు దిగింది. ఒడ్డు లేదు. ఆకాశం లేదు. తన చేయి తనకే కనబడలేదు. దగ్గితే ఆ దగ్గు వెనకనించి ఇంకెవరో దగ్గినట్టు వినిపించింది. పిక్కల దగ్గరున్న నీళ్లు మోకాళ్లు దాటాయి. తొడలకి చేరాయి.

అప్పుడు వినిపించింది ఆ మూలుగు. నెత్తి మీద ఎర్రటి కన్ను తెరుచుకుంది. బొంగురు గొంతు, నూతిలోంచి వచ్చినట్టు, "మావిస్..." అంది.

"పెర్సీ! నేనిప్పుడే రాలేను! మాంసం పొయ్యి మీదుంది!" అని కేక పెట్టింది మావిస్.

"మావిస్, ఆ తొట్టి వదిలెయ్. నాలుగున్నర కిలోలుంటుంది."

ఈ లోకంలోనైనా పైలోకంలోనైనా ఆ మాట అనేవాడు ఒక్కడే. మావిస్‌కి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తాడు విప్పి తొట్టి వదిలేసింది. ఎర్ర దీపం మెల్లగా కదిలింది, ఆమె తడబడితే ఆగింది, మళ్లీ కదిలింది. నీళ్లు తొడల నుంచి మోకాళ్లకి దిగాయి.

రేవు మెట్ల దగ్గర, రాత్రి బట్టల్లోనే, చేతుల్లో రిమోటు పట్టుకుని క్లారీ నిలబడి ఉన్నాడు. అతని పక్కన వాలిన యంత్రానికి ఆరు చేతులు, దీపం, స్పీకరు, మంచులోనూ ఒంటి వేడిని పసిగట్టే కెమెరా, కింద వేలాడుతున్న లైఫ్ జాకెట్టు.

"నువ్వేనా! రెండేళ్లుగా నువ్వేనా!"

"మంచు పడితే రేవుకొచ్చి ఎవరి బండి ఉందో చూస్తాను. ఇవాళ నీది ఉంది." క్లారీ ముక్కు తుడుచుకున్నాడు. "పెర్సీ పోయిన రోజున నా దగ్గరున్నది ఆ బాగుచేసిన మొదటిదే, పన్నెండు నిమిషాలే ఎగిరేది మావిస్. వాడు పీతలు పట్టే ఇసుక తిన్నె దాకా వెళ్లి వెతికి రావాలంటే ముప్పై కావాలి."

"మరి ఊరికి చెప్పొచ్చుగా?" అంది మావిస్.

"చెబితే 'క్లారీ ఉన్నాడులే' అని మంచులో కూడా దిగుతారు. దయ్యమంటే ఎవరూ దిగరు. ఇన్నాళ్లలో దిగింది నువ్వొక్కదానివే, మొండిదానా!"

ఒళ్లంతా తడిసి బేకరీలోకి వచ్చిన మావిస్‌ని చూసి అయోనా చేతిలో పళ్లెం వదిలేసింది. "మంచులో దిగావా? కనబడ్డాడా?"

మూలన మాంసం కూరిన వేడి పాస్టీ కొరుకుతున్న క్లారీ నమలడం ఆపేశాడు.

"కనబడ్డాడు" అంది మావిస్. "మంచి కోపం మీదున్నాడు. ఇంకోసారి ఎవరైనా మంచులో దిగితే నేరుగా ఇంటికే వస్తానన్నాడు."

క్లారీకి పొలమారింది. మావిస్ వెళ్లి అతని వీపు మీద అవసరమైనదానికన్నా గట్టిగానే చరిచింది.