వరసలు కలిపే అనంతలక్ష్మి

అరబ్బు దేశంలోని ముఐథర్‌లో తెలుగువాళ్ళెవరు కొత్తగా దిగినా, వాళ్ళతో వరస కలిపితే గాని అనంతలక్ష్మికి తోచదు. అయినవాళ్ళు లేని చోట పిన్నులూ బాబాయిలూ మరుదులూ ఆవిడ చలవ వల్లే పుట్టుకొచ్చారు. పక్కింటి హైమవతిని కూడా మొదటి రోజే చెల్లెల్ని చేసేసుకుంది. ఆ తొందరే ఇప్పుడు కొంప ముంచింది. హైమవతి కొడుకు నిరంజన్‌ని తప్ప ఇంకెవర్నీ చేసుకోనని కూతురు అపూర్వ భీష్మించుకు కూర్చుంది.

"అన్నాచెల్లెళ్ళ వరసే! నలుగురూ నవ్వరూ?"

"రక్తసంబంధం లేదు కదమ్మా. నువ్వు పెట్టిన వరసేగా?"

"ఎవరు పెట్టినా వరస వరసే."

అపూర్వ స్కూల్లో హిస్టరీ టీచరు. ఇక వాదించలేదు. తల్లిని మెసైమీర్‌లో సంగీతం క్లాసుకు దింపుతూ కారులో రోజూ కాస్త చొప్పున ఒక కథ చెప్పడం మొదలుపెట్టింది.

పాతకాలం స్పెయిన్‌లో కాస్టీల్ అనే రాజ్యం. రాజుగారి కూతురు అసలాయనకి పుట్టనేలేదని దొరలు పుకారు లేపారు. పోరు పడలేక, గద్దె చెల్లెలు ఇసబెల్లాకేనన్నాడు రాజు. కానీ ఆమెను తన రెండింతల వయసున్న పోర్చుగల్ రాజుకు కట్టబెట్టబోయాడు. ఆమె ససేమిరా అంది. పక్క రాజ్యపు యువరాజు గాడిదలు తోలేవాడి వేషంలో వచ్చి ఆమెను పెళ్ళాడాడు.

"మంచి పని చేసింది! ఆ ముసలాణ్ణి చేసుకోవాలా?" అంది అనంతలక్ష్మి, కారు దిగకుండానే.

"కానీ అమ్మా, వీళ్ళ నాన్నల తండ్రులు సొంత అన్నదమ్ములు."

అనంతలక్ష్మి వేళ్ళ మీద లెక్క కట్టింది. ముఖం మాడిపోయింది. "అయ్యో రామ! అన్నాచెల్లెళ్ళే!"

"వాళ్ళ మతమూ ఒప్పుకోలేదు. పోప్ అనుమతిచ్చాడని దొంగ పత్రం పుట్టించారు. మాకు నువ్వు ఊఁ అంటే చాలు. యల్లా, త్వరగా దిగు."

ఆవిడకి ఆ రోజు పాట సాగలేదు. వరస పెట్టింది తనే అయినప్పుడు మార్చడానికి ఇంకొకర్ని అడగడమెందుకు అనిపించింది. సాయంత్రం తిన్నగా హైమవతి వంటింట్లోకి వెళ్ళింది.

"చూడు, ఇవాళ్టి నుంచి నన్ను అక్కా అనకు, వదినా అను. అప్పుడు మనవాళ్ళు బావామరదళ్ళవుతారు. పెళ్ళి చేసేద్దాం."

హైమవతి స్టవ్ కట్టేసింది. నవ్వబోయింది గాని కళ్ళు నిండిపోయాయి.

"పిల్లల కోసం అలాగే అంటాను. కానీ మా అమ్మ పోయిన రోజు నేను ఇండియా వెళ్ళలేకపోతే, నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుంది అక్కే. మరి ఆవిణ్ణి ఎక్కడికి పంపేశావు, వదినా?"