మాయాబందర్‌లో గుల్లల గుట్ట

దట్టమైన అడవులు, సముద్రపు పాయలు, మట్టి కింద మరో లోకం: వీరగాథకు కావలసినవన్నీ ఈ ప్రయాణంలో ఉన్నాయి. కాకపోతే నేను వెళ్ళింది మాయాబందర్‌లో మా మావయ్య ఇంటి పునాదికి కొలతల తాడు పట్టుకోవడానికి.

తెల్లవారుజామున నాలుగింటికి పోర్ట్‌బ్లెయిర్‌లో బస్సెక్కాను. టికెట్టు ముందురోజే కొనుక్కోవాలి. చక్రం మీది సీటు వద్దని గట్టిగా చెప్పాలి. నేను చెప్పలేదు. రెండు చోట్ల బస్సే పడవెక్కింది. బారాటాంగ్‌లో పూరీ తిన్నాను.

పక్కసీటాయన డిగ్లీపూర్ రైతు. "పునాదికి ఇంత దూరమా భయ్యా? అక్కడ మనుషుల్లేరా?"

"ఉన్నారు. వాళ్ళు కూలి అడుగుతారు."

మధ్యాహ్నం రెండున్నరకు దిగేసరికి పని ఆగిపోయి ఉంది. జెట్టీలో పనిచేసే మావయ్య మూడు నెలల్లో రిటైరవుతాడు, క్వార్టర్ ఖాళీ చేయాలి. కొన్న స్థలంలో గట్టి నేల ఆ మెరక ఒక్కటే. అది తవ్వితే గుల్లలు బయటపడ్డాయి. కబురు విని వచ్చిన పురావస్తు తవ్వకాల ఆఫీసరమ్మ శుక్రవారం దాకా గడువు అడిగింది. ఆ తర్వాత మీ ఇష్టం అంది.

"ఇల్లు కట్టుకుందామంటే కచరా డబ్బా దొరికిందిరా," అన్నాడు మావయ్య.

ఆఫీసరమ్మ లోతుగా తవ్వించి నోట్సు రాసుకుంటున్న గోతిలోకి దిగాను. గోడ నా ఎత్తుంది. తెల్లటి గుల్లలు, నల్లటి బూడిద, మళ్ళీ గుల్లలు, మళ్ళీ బూడిద. ఈ దీవుల తొలి మనుషులు తరతరాలుగా ఇక్కడే కూర్చుని తిన్నారట. గుట్ట అడుగు ఇంకా తగల్లేదు. నాకు ఒక నిమిషం పాటు జోకు తట్టలేదు.

టీ తెచ్చిన అత్తయ్య ఒక పొడవాటి నత్తగుల్ల తీసింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి.

"అన్నిటికీ కొస విరిచారు చూడండి మేడం. లోపలి మాంసం పీల్చడానికి. నేనూ ఇంతే, కత్తి వెనక్కి తిప్పి కొడతాను." కాసేపు చూసి, "నాకంటే చెయ్యి తిరిగిన మనిషే. నేనైతే పదింట్లో రెండు పూర్తిగా పగలగొట్టేస్తాను," అంది.

ఆఫీసరమ్మ రాయడం ఆపేసింది. అత్తయ్య గుల్లల్ని తీసినచోటే పెట్టింది.

"ఏవండీ, దీని మీద సిమెంటు పోయనివ్వను."

"తో ఫిర్ ఎక్కడుందాం? చర్చిలో పడుకుందామా?"

"ఆ దిగువన కట్టండి."

"వానొస్తే కాలు దిగబడే కీచడ్ కదే!"

"ఎత్తుగా కట్టండి. నాకు మెట్లెక్కడం వచ్చు."

మావయ్య గోతి అంచున కూర్చుని ఆ గోడనే చాలాసేపు చూశాడు. శుక్రవారం సాయంత్రం పునాది గుర్తుకు పాతిన కొయ్యమేకులు పీక్కుని దిగువకు నడిచాడు.

"తాడు సీదా పట్టుకోరా, అది పాము కాదు," అన్నాడు నాతో. పట్టుకున్నాను.

శనివారం బస్సులో కళ్ళు మూసినా ఆ చారల గోడే కనిపించింది. ఎన్ని వేల భోజనాలో, ఎంతమంది పిల్లలు ఇంకోటి పెట్టమన్నారో. దాని పక్కన బళ్ళో చదివిన మా దీవుల చరిత్ర అంతా నిన్నటి సంగతిలా అనిపించింది.

ఇంటి కొత్త చోటుకు కుళాయి నలభై అడుగుల దూరం. అరంగుళం పైపు మాయాబందర్‌లో లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో నేనే కొని బస్సు పైన వేసి పంపాలి.