మూడుసార్లు చెప్పి ఊరుకున్న మనిషి

2023 వానాకాలం. అమలాపురం నుంచి రోజూ స్కూటీ మీద అంబాజీపేట వెళ్ళి, మోకాలి కీలు మార్పిడి చేయించుకున్న సత్యవతి గారికి ఇంటి దగ్గరే ఫిజియోథెరపీ చేయించేదాన్ని. ఆవిడకు డెబ్బై దగ్గరపడ్డాయి. భర్త సూర్యారావు గారు కొబ్బరి వ్యాపారం మానేసి ఇంటిపట్టునే ఉంటున్నారు.

ఆపరేషన్ కావాలని ఆవిడ, వద్దని ఆయన. ఆ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పారు. వాళ్ళింట్లో మొదట్నుంచీ ఒక పద్ధతట. నచ్చని పనికి మూడుసార్లు అడ్డు చెప్పొచ్చు. ఆ తర్వాత ఎవరి పని వాళ్ళిష్టం, రెండోవాళ్ళు తోడు నిలబడాలి. ఆయన ఆసుపత్రి వరండాలో మూడోసారి వద్దని చెప్పి, నేరుగా లోపలికెళ్ళి సంతకం పెట్టేశారట.

వింటుంటే నాకు ఒళ్ళు మండింది. కువైట్‌లో పని పోయి మా ఆయన తిరిగొచ్చి అప్పటికి రెండేళ్ళు. మేం పోట్లాడుకోని పూట లేదు. ఈవిడకు మాత్రం ఇలాంటి మొగుడా అని కుళ్ళుకున్నాను.

నాలుగో వారానికి కాలు మొండికేసింది. గోనియోమీటర్, అంటే కీలు ఎంత వంగుతోందో కొలిచే స్కేలు, డెబ్బై డిగ్రీలు దాటడం లేదు. తొంభై అయినా రాకపోతే కుర్చీలోంచి లేవడమే కష్టం. ఇంకో రెండు వారాలు చూసి, మళ్ళీ మత్తిచ్చి వంచాల్సి ఉంటుందన్నారు డాక్టరు గారు. సత్యవతి గారు కళ్ళు తుడుచుకున్నారు.

ఇప్పుడు ఈయన అసలు రంగు బయటపడుతుందనుకున్నాను. ఎంతకీ నోరు విప్పకపోయేసరికి నేనే పుల్ల పెట్టాను. రోగి ముందు అనకూడని మాట.

"మీరు ముందే వద్దన్నారు కదండీ?"

ఆయన ఆవిడ మడమ కింద తువ్వాలు సర్దుతున్నారు.

"ఆయ్, మూడుసార్లూ చెప్పేనండీ. ఇప్పుడంటే నాలుగోదైపోద్ది. ఎంత వంచాలో చెప్పండి, పొద్దున్నా సాయంత్రం నేను చేయిస్తాను."

"గట్టిగా వంచేరంటే తిడతానండి" అన్నారావిడ.

"తిట్టు. తిట్లకి లెక్క లేదుగా."

ఆరో వారానికి తొంభై అయిదు వచ్చింది. ఆవిడ మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళే పని లేకపోయింది. అప్పట్నుంచీ కొత్త పేషెంటు ఇంటికి వెళితే, కాలితో పాటు పక్కన ఎవరు నిలబడ్డారో కూడా చూస్తున్నాను.

కువైట్ వెళ్ళొద్దని మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు. తిరిగొచ్చాక, నే చెప్తే విన్నారా అని రోజూ కాఫీ గ్లాసుతో పాటు అందిస్తూనే ఉన్నాను. సత్యవతి గారికున్నటువంటి తోడు నాకు లేదని అన్నాళ్ళూ ఏడ్చాను. అలాంటి తోడు మా ఆయనకూ లేదని అప్పుడు తెలిసింది.