మొదటి వరుసలో శ్రీ

లమ్మడాలో మూడో అంతస్తు ఫ్లాటే మా ఆఫీసు. బర్మాలో మిలిటరీవాళ్ల కాలం. బయటి వెబ్‌సైట్లు సగం తెరుచుకునేవి కావు, కరెంటు దాని ఇష్టం. బడిపిల్లల కోసం ఓ చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేస్తున్నాం. వరుస టైపు చేసి ఎంటర్ నొక్కితే అక్కడికక్కడే కంపైల్ చేసి జవాబిస్తుంది. ఎవరికీ తట్టని చోట నక్కిన తప్పుల్ని పట్టి సరిచేయడం నా పని. ఖాళీ వరుస, మూయని బ్రాకెట్, సున్నాతో భాగహారం, అన్నీ చూసేశానని నాకు మహా పొగరు.

పెద్ద ట్యూషన్ సెంటరు నడిపే టీచరమ్మ చూడటానికి వస్తానంది. ఆవిడ తీసుకుంటే నా ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. కంప్యూటర్ ముట్టనివాళ్ల చేత చేయించి చూపించమంది. నేను మా అప్పను తీసుకెళ్లాను. నా సొంత అక్క, చిమిండైంగ్ బజారులో జాకెట్లు కుడుతుంది.

కొలతల కాగితమైనా సరే, పైన శ్రీ రాయనిదే అప్ప అంకె వేయదు. ఇక్కడా ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ కొట్టి ఎంటర్ నొక్కింది. ఈ పేరు తెలియదంది కంపైలర్. సరే, బాగానే ఉంది. తర్వాత నేను చెప్పినట్టు రెండూ రెండూ కూడమని కొడితే మళ్లీ అదే మాట. ఏం కొట్టినా అదే మాట.

టీచరమ్మ నా వంక చూసింది. నాకు ఒళ్లు మండింది. మనవాళ్లను ఎక్కడికి తీసుకెళ్లినా ఇంతే కదా అనుకున్నాను. "ఆమెకు చదువు లేదు సయామా, తప్పు కొట్టింది" అని టీచరమ్మతో బర్మీస్‌లో అనేశాను. అప్పకు బర్మీస్ నాకంటే బాగా వచ్చు.

"నానేటి చెడగొట్టీసేనేట్రా?" అంది తెలుగులో, మెల్లిగా. టీచరమ్మ ఇంకోసారి చూస్తానని లేచింది.

ఆ మధ్యాహ్నమే దొరికింది. మొట్టమొదటి వరుసే తప్పయితే, కంపైలర్ ఆ తప్పును వదిలించుకోకుండా వెనక వచ్చే ప్రతి వరుసకీ అంటగడుతోంది. మేమెప్పుడూ సరైన వరుసతోనే మొదలుపెట్టేవాళ్లం, ఇక బయటపడేదెలా? బాగుచేయడం చిటికెలో పని. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఇంటికెళ్లి, తప్పు నాదే అప్పా అని చెప్పొద్దూ? "బాగైంది, మళ్లీ రావాలి" అని మాత్రం అన్నాను.

"అలగేలే" అంది.

టీచరమ్మ మళ్లీ వచ్చిన రోజు అప్ప కుర్చీ వెనకే నిలబడ్డాను. శ్రీ కొట్టనీ, ఈసారి చక్కగా నడుస్తుంది, అందరూ చూస్తారు అనుకుంటున్నాను. అప్ప నేరుగా రెండూ రెండూ కొట్టింది. నాలుగు వచ్చింది. టీచరమ్మ తలూపింది, మా బాసు నా భుజం తట్టాడు. నా ఉద్యోగం నిలబడింది.

మెట్లు దిగుతూ అడిగాను. "శ్రీ రాయలేదేం అప్పా?"

"నీ పరువు పోతాదని మానీసేన్రా" అంది. "కింద చూసుకోని దిగు, ఆ మెట్టు ఇరిగున్నాది."