ఇంటికో మొక్క, క్యాంపుకు లేదట!

ఈ సాయంత్రం గల్ఫ్‌లో మేముండే అజీజియా పేటలో మునిసిపాలిటీ వాళ్లు ఇంటికో సిద్ర్ మొక్క ఉచితంగా పంచారు. సిద్ర్ అంటే మన రేగు లాంటిదే, ఈ ఎండల్లో పుట్టి పెరిగే చెట్టు. ఇక్కడి సర్కారు మాలాంటి పరదేశీల కుటుంబాల మీద తలకింతని లెవీ వేశాక భార్యాపిల్లల్ని హైదరాబాద్ పంపేసి, మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఒక్కణ్నే ఉంటున్నాను. అయినా అద్దె కాగితం చూపగానే నాకో మొక్క ఇచ్చేశారు.

ఆ మొక్కల్ని నర్సరీలో విత్తు నుంచి పెంచింది జగిత్యాల గంగారాం. లారీలోంచి దించుతున్నదీ అతనే. తమ లేబర్ క్యాంపు గేటు దగ్గర నాటుకుంటానని ఒకటి అడిగాడు.

"క్యాంప్ ఘర్ నహీ హై, భాయ్," అన్నాడు లిస్టు పట్టుకున్నాయన.

గంగారాం నా వైపు తిరిగాడు. "రూముల పన్నెండు మందిమి ఉంటం సార్. ఏసీల కారే నీళ్లు బకెట్ల పట్టి పోద్దమనుకున్న. అది ఇల్లు కాదంటుండు."

నాకు ఒళ్లు మండిపోయింది. బాల్కనీలో పిడికెడు మట్టి లేని ఒంటిగాణ్ని, నాది ఇల్లట, వాళ్లది కాదట!

నా మొక్కను క్యాంపు గేటు దగ్గరే నాటాం. నాటాక ఇంటి ముందు ఫొటో దిగి పంపాలని మొక్కలు పంచినవాళ్ల రూలు. పదమూడు మందిమి నిలబడి దిగి, కింద "మా ఇల్లు" అని రాసి పంపాను. అబద్ధమంటారా?