తాళం వేసిన గడికి కొర్రమీను

ఆదిభట్ల కంపెనీ బస్సులో వస్తూ పోతూ మా మనవరాలు ఒక నవల చదువుతోంది. అందులో సర్కారు ప్రతి గోడకూ ఒక కన్ను పెడుతుందట. ఒకడు ఆ కన్ను పగలగొట్టి స్వేచ్ఛ పొందుతాడట.

"గంతేనా? పోలీస్ యాక్షన్ రోజులల్ల నేను దొర గడి ముంగటనే కొర్రమీను కాల్చుకొని తిన్న. నలుగురు తుపాకులు పట్టుకొని చూస్తుండిరి" అన్నాను.

"మొన్న ఇద్దరే అన్నవ్ గద తాతా?"

దొరికిపోయాను. అసలు సంగతి చెప్పాల్సొచ్చింది.

తుపాకులు లేవు. దొరా లేడు. ఒక పక్క దొరల మీద తిరగబడ్డ సంఘం దళాలు, ఇంకో పక్క పట్నానికి వస్తున్న మిలిటరీ. నేను చెప్పే పొద్దుకు ముందురోజే దొర కోటలాంటి తన గడికి తాళం వేసి, బండి కట్టించుకొని పారిపోయాడు.

చేపలు పట్టే మాకు ఒక కట్టు ఉండేది: వలలో పడిన మొదటి పెద్ద చేప గడికే పోవాలి. దాచినవాడి వల కాల్చేవారు, వీపు చీరేవారు. మా నాన్న పోయేదాకా ఆయన వీపు మీద ఆ గుర్తులున్నాయి.

ఆ పొద్దున నా వలలో చేయంత కొర్రమీను పడింది. ఇంట్లో అమ్మకు పది రోజులుగా జ్వరం, గంజి కూడా లోపలికి పోవడం లేదు. "జర కొర్రమీను పులుసైతె తాగుతరా" అని అడిగింది. చేపతో ఇంటికే బయలుదేరాను. కాళ్లు గడి దగ్గర ఆగాయి.

తలుపుకు తాళం. పైన కిటికీ మాత్రం తెరిచి ఉంది. దాటిపోదామని రెండడుగులు వేశాను, వీపు బిగుసుకుంది. వెనక్కి వచ్చాను.

"దొరా, చేప తెచ్చిన."

కిటికీ రెక్క కిర్రుమంది. చేపను తలుపు గొలుసుకు కట్టి ఉరికాను.

ఇంట్లో అమ్మ నా చెయ్యి వాసన చూసింది.

"చేప ఏదిరా?"

"గడి కాడ కట్టిన."

"తాళమేసిన గడిల ఎవడు తింటడ్రా? తలుపు తింటదా?"

గోడ పట్టుకొని లేచింది. వణుకుతూ గడిదాకా నడిచింది. కిటికీ వైపు తలెత్తి చూసి, గొలుసు నుంచి చేప విప్పుకుంది. కొంగు చాటున దాచలేదు. చేతిలో వేలాడేసుకొని నడిబజారులో ఇంటికొచ్చింది. పులుసు తానే కాచుకొని రెండు గిన్నెలు తాగింది.

"మరి నువ్వేడున్నవ్ తాతా?" అంది మనవరాలు.

"అమ్మ ఎనుకనే. పదడుగుల దూరంల."

ఎవరైనా చూస్తే ఆమె నాకేమీ కాదనుకోవాలని.

జన్మంతా అన్నీ పెంచి చెప్పినవాణ్ణి, ఇదొక్కటి తగ్గించాను. ఇరవై అడుగులు.